‘పాలు పలచన’ అన్నది ఎవరు?



మన గూడేల్లో బాలింతల గురించి ఏ రిపోర్టు చూడండి, ‘అవగాహన లేదు’ అనే ఉంటది. ఆ మాట మీద నాకు ఎప్పట్నుంచో కోపం. ఎందుకో బ్రెజిల్ కిలోంబోల గురించి చదివాక అర్థమైంది.

కిలోంబోలంటే బానిసత్వం నుంచి తప్పించుకున్న ఆఫ్రికా సంతతి వాళ్ళు నిలబెట్టుకున్న ఊళ్ళు. 2022 జనాభా లెక్కల్లోనే వాళ్ళని మొదటిసారి విడిగా లెక్కపెట్టారు, 13 లక్షల పైన తేలారు. 1988 రాజ్యాంగం భూమి హక్కు ఇచ్చినా చాలా ఊళ్ళకి పట్టాలు ఇంకా రాలేదు. (మనకి కొత్త కథా ఇది!)

అక్కడ ముసలమ్మలు బాలింతకి నలభై రోజులు విశ్రాంతి ఇవ్వాలంటారు. పాలు పడాలని కోడిపులుసు, మొక్కజొన్న పాయసం పెడతారు. ఆ ముసలమ్మలే పసిబిడ్డకి కడుపునొప్పి అంటే సోంపు కషాయం తాగిస్తారు, ‘పాలు పలచన’ అని జావ మొదలుపెట్టిస్తారు. దీన్ని నేను వెనకేసుకురాను. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దు.

కానీ అక్కడ 1888 దాకా బానిసత్వం ఉంది. నల్లజాతి తల్లి పాలు అప్పుడు అద్దె సరుకు. పాలిచ్చే బానిస అద్దెకు దొరుకుతుందని పేపర్లలో ప్రకటనలు వేసేవాళ్ళు, చాలావాటిలో ‘బిడ్డ లేదు’ అని కూడా. బిడ్డ లేకుండా పాలెట్లా వచ్చాయి? దొర బిడ్డ ఆ పాలు తాగి పెరిగితే, కన్నబిడ్డ అనాథాశ్రమం గుమ్మానికి చేరేది, లేదా ఆకలికి పోయేది. తర్వాత ఆ పాలే జబ్బులు అంటిస్తాయని డాక్టర్లు రాశారు! ఆపైన డబ్బాపాల కంపెనీలు వచ్చాయి. ఇన్ని తరాలు నీ పాలు మంచివి కావని వింటే, ‘పలచన’ అనే భయం ఒక్క ముసలమ్మ నోట్లోంచి వచ్చిందా?

ఇంకో సంగతి. ఒకరి బిడ్డకి ఇంకొకరు పాలివ్వడం అక్కడ పాత అలవాటు. హెచ్‌ఐవీ సోకే ప్రమాదం ఉందని ఇప్పుడు ఆరోగ్యశాఖ వద్దంటోంది. కారణం సరైనదే. కానీ ఎందుకో చెప్పకుండా ఉత్త ‘వద్దు’ అంటే, మా పాల మీద మళ్ళీ వాళ్ళ పెత్తనమే అనుకోరా?

నా మాట ఒకటే. నర్సు ముందు ఆ ముసలమ్మ పక్కన కూర్చోవాలి. నలభై రోజుల విశ్రాంతి ఇప్పించగలిగిన మనిషి కషాయం కూడా ఆపించగలదు. పోస్టరు ఆ పని చెయ్యలేదు.

మనలోనూ చాలాచోట్ల ముర్రుపాలు పిండి పారబోస్తారు కదా. గ్రూపులో ఏఎన్ఎం, నర్సింగ్ చదివే అక్కలు, చెల్లెళ్ళు ఉన్నారు. ఈ సెలవుల్లో మీ అవ్వని అడగండి, ఎందుకు పారబోస్తారో. తిట్టకుండా అడగండి. ఆమె ఏమందో కింద రాయండి.