అయ్యగారి పెండ్లి కాదు, సంఘం పద్దు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఆర్‌సీఎం గుడికీ మిషను గుడికీ మధ్య తరతరాలుగా నడుస్తున్న వాదం ఒకటుంది. "పెండ్లాం పిల్లల సంసారం ఈదేవాడు దేవుని పని ఏం చేస్తాడు?" అని వీరంటారు. "పేతురుకు అత్త ఉన్నప్పుడు పెండ్లాం లేదా?" అని వారంటారు. నేను పుట్టింది మిషను గుడి నీడలో. నా చెల్లెలిని ఇచ్చింది ఆర్‌సీఎం వారి ఇంట. ఏ శుభకార్యానికి వెళ్ళినా పంక్తిలో ఈ చర్చ లేకుండా విస్తరి లేవదు. ఇన్నేండ్లు విన్న మీదట నాకు తోచిన మాట నిర్మొహమాటంగా చెబుతున్నాను: ఈ పెండ్లి వాదం ఒక తెర. గుడిలో అధికారం ఎవరిది, ఆ అధికారం ఎవరికి జవాబు చెప్పాలి అనే అసలు ప్రశ్న ఈ తెర వెనుక దాగి ఉంది.

తెలుగు పండితుణ్ణి గనుక మాటలతోనే మొదలుపెడతాను. కాథలికులు తమ ఫాదర్‌ను 'గురువు' అంటారు. ఆయన అర్పించేది బలిపూజ గనుక ఆయన యాజకుడు కూడా. 'యజ్' ధాతువు నుండి పుట్టిన మాట అది. బలి ఒక్కసారే జరిగిపోయింది గనుక ప్రత్యేకంగా యాజకుడు అక్కరలేదన్నది ప్రొటెస్టంట్ల సిద్ధాంతం. విశ్వాసులందరూ యాజకులేనని 1520లోనే లూథర్ వాదించాడు. అందుచేత వీరికి ఉన్నది 'కాపరి', లేదా 'పెద్ద'. వింతేమిటంటే, ఇంగ్లీషువారి 'ప్రీస్ట్' అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి అర్థం కూడా పెద్ద అనే. సిద్ధాంతం సరే, ఆచరణ మాటేమిటి? యాజకుణ్ణి సాగనంపిన చోట 'అయ్యగారు' వచ్చి కూర్చున్నారు. అందరూ యాజకులేనన్న గుడిలో అయ్యగారి కుర్చీ జోలికి మరొకరు వెళ్ళరు.

ఇక పెండ్లి సంగతి. గురువుల వివాహం చెల్లదని 1139లో రెండవ లాటరన్ మహాసభ తీర్మానించింది. 1525లో లూథర్ కాథరీనాను పెండ్లాడాడు. 1563లో ట్రెంట్ మహాసభ పాత కట్టడినే మళ్ళీ బిగించింది. అయితే బ్రహ్మచర్యం గురువులకు విధించిన క్రమశిక్షణే తప్ప మార్పులేని విశ్వాససత్యం కాదని కాథలిక్ శ్రీసభే చెబుతుంది. పోపు అధికారానికి లోబడిన ఉక్రెయిన్ కాథలిక్ సభలో పెండ్లయినవారు నేటికీ గురువులవుతున్నారు. అమెజాన్ అడవి ప్రాంతాలలో పెండ్లయిన పెద్దలకు గురుపట్టం ఇవ్వవచ్చునని 2019లో రోములో కూడిన సినడు సూచించింది. 2020లో పోపు ఫ్రాన్సిస్ తన పత్రంలో ఆ ద్వారం తెరవలేదు. ద్వారం మూసి ఉండడం వేరు, అక్కడ గోడే ఉందనడం వేరు. కాబట్టి సంసారి దేవుని పనికి తగడని ఆర్‌సీఎం మిత్రులు అనకూడదు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన అజరయ్య, భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పు, సంసారి కాడా?

మిషను మిత్రులు అప్పుడే చప్పట్లు కొట్టనక్కరలేదు. బ్రహ్మచర్యపు కట్టడికి ఆధ్యాత్మిక కారణాలతో పాటు లౌకిక కారణం కూడా ఒకటుంది: గుడి ఆస్తి గురువు కొడుకులకు వారసత్వంగా పోతుందన్న భయం. ఆ భయం ఎంత నిజమో చూడాలంటే యూరపు దాకా పోనక్కరలేదు. మా ప్రాంతంలోనే, పేరు చెప్పను గాని, ఒక ఊరిలో స్వతంత్ర సంఘం ఉంది. కూలి డబ్బులలోంచి తలా కొంత తీసి విశ్వాసులు మందిరం కట్టుకున్నారు. స్థలం పట్టా మాత్రం పాస్టరు పేర చేయించారు. ఆయన కాలం చేశాక కొడుకు పాస్టరయ్యాడు. వాక్యం చెప్పడం రాదని ఎవరో గొణిగితే "మా నాయన స్థలం, ఇష్టం లేనివాళ్ళు రాకండి" అన్నాడు. సంఘం రెండుగా చీలింది. 'సంఘం' అంటే కూడి ఉన్నది అని పాఠం చెప్పినవాణ్ణి. ఒక ఇంటి ఆస్తిని ఆ పేరుతో ఎలా పిలవను?

అటువైపు చూద్దాం. కాథలికులు ఒక గురువు ఏలుబడిలోని ప్రాంతాన్ని 'విచారణ' అంటారు. ఎంత చక్కని మాట! కాని ఆ విచారణలో విచారించే హక్కు ఎవరికుంది? మేత్రాణులను నియమించేది రోము. నల్లగొండ మేత్రాసనం 1976లో ఏర్పడిననాటి నుండి ఇక్కడా అదే పద్ధతి. విచారణ పాలక మండలికి సలహా చెప్పే అధికారమే తప్ప నిర్ణయాధికారం లేదని 1983 నాటి శ్రీసభ చట్టం 536వ సూత్రం స్పష్టంగా చెబుతుంది. ఆర్థిక మండలి ఉండాలని ఆ పక్క సూత్రమే అంటుంది. అది ఉందని తెలిసిన విశ్వాసులు ఎందరు? ఫాదరు రాత్రికి రాత్రి బదిలీ అయితే, మొన్నటి చందా ఏమైందని అడిగేవాడికి దొరికే సమాధానం "మేత్రాణుల ఆజ్ఞ" అనే.

ఓట్లు ఉంటే సరిపోతుందా? దక్షిణ ఇండియా సంఘంలో ఎన్నికలున్నాయి. 2024 ఏప్రిల్‌లో ఆ సంఘం వ్యవహారాలు చూడడానికి మద్రాసు హైకోర్టు ఇద్దరు విశ్రాంత న్యాయమూర్తులను నియమించవలసి వచ్చింది. ఏండ్లకొకసారి వేసే ఓటు ఏటేటా చెప్పే లెక్కకు సాటిరాదు. పైనుండి వచ్చే నియామకం అన్నివేళలా చెడ్డదనీ అనను. దళితుడైన పూల అంతోని 2022లో కార్డినల్ అయింది ఆ దారినే. ఓటైనా నియామకమైనా దారి మాత్రమే. చేరవలసిన చోటు జవాబుదారీతనం.

అధికారపు కట్టడులు శాశ్వతమని భయపెట్టేవారికి నంద్యాలను చూపిస్తాను. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు, బిషప్పు హస్తనిక్షేపణం లేని మెథడిస్టు తదితర పాదిరీలను తమవారితో సమానంగా ఎలా చూస్తామని ఆంగ్లికన్లలో పెద్ద వివాదం లేచింది. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది ఐక్యతకు దూరంగా ఉండిపోయారు. 1975లో గాని కలవలేదు. అదే నంద్యాలకు 2013లో ఎగ్గోని పుష్పలలిత, ఆ సంఘంలో తొలి మహిళా బిషప్పుగా వచ్చారు. ఒకనాడు పురుషులలోనే ఎవరి చేయి ఎవరి తలపై పడాలని తగవులాడిన చోట, తరువాతి కాలంలో ఒక స్త్రీ చేయి తలలపై పడినా ఆకాశం విరిగి పడలేదు.

అందుచేత రెండు గుడులవారినీ నేను అడిగేవి మూడే. ఏడాదికొకసారి ఆదాయవ్యయాలు గుడిలో, తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా చదవాలి. స్థలం పట్టా వ్యక్తి పేర ఉండరాదు. లెక్కలు చూసే కమిటీలో సగం మంది స్త్రీలుండాలి. ఎందుకంటే పూటపూటా ఎసట్లో పోసే ముందు పిడికెడు బియ్యం పక్కన తీసి, ఆదివారం గుడికి తెచ్చేది వారే. ఆ పిడికిలి లెక్క వారికి చెప్పడానికి లాటరన్ అడ్డం రాదు, లూథరూ అడ్డం రాడు.

దైవకార్యంలో పద్దులేమిటని కొందరు నొచ్చుకోవచ్చు. పేదవాడి కానుక పవిత్రమైతే దాని లెక్క కూడా పవిత్రమే. మీ ఫాదరుకు పెండ్లి కాలేదనీ, మీ పాస్టరుకు అయిందనీ ఇంకెంతకాలం చెప్పుకుంటారు? మీ గుడిలో లెక్కలు కడపటిసారి ఎప్పుడు చదివారో, అది చెప్పండి.