పేరు బ్రిటిష్‌ది, బండి ఎక్కడిది?

భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందంపై 2025 జులై 24న సంతకాలయ్యాయి. వంద శాతం దాటిన కార్ల దిగుమతి సుంకం కోటా పరిమితిలో దశలవారీగా 10 శాతానికి దిగుతుంది. మరి ఇంగ్లండ్ కార్లను నమ్మొచ్చా?

ముందు పేరు వేరు, తయారీ వేరు అని తెలుసుకోవాలి. మన రోడ్ల మీది ఎంజీ పేరు బ్రిటిష్‌ది. కానీ దాని వెనుక చైనా కంపెనీ సాయిక్, మన జేఎస్‌డబ్ల్యూ ఉన్నాయి. బండి తయారయ్యేది గుజరాత్‌లోని హలోల్‌లో. జాగ్వార్, ల్యాండ్ రోవర్‌లను టాటా 2008లోనే కొన్నది. ల్యాండ్ రోవర్లకు ఎలక్ట్రానిక్ లోపాల చెడ్డపేరు చాలా ఏళ్లుగా ఉంది. అదే బ్రిటన్‌లో, సండర్లాండ్ ఫ్యాక్టరీలో జపాన్ కంపెనీ నిస్సాన్ 1986 నుంచి కార్లు చేస్తోంది, దానికి మంచి పేరుంది. అంటే తేడా దేశంలో లేదు, తయారుచేసే పద్ధతిలో ఉంది.

మన పెద్దలు నమ్ముకున్న అంబాసిడర్ కూడా బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ డిజైనే. బెంగాల్‌లో తయారై 2014 దాకా నడిచింది. గుంటూరైనా ఒంగోలైనా ఏ మెకానిక్కయినా దాన్ని విప్పి బిగించేవాడు.

సుంకం తగ్గినా కొత్త ల్యాండ్ రోవర్ మిర్చి రైతు ఇంటికి రాదు. వస్తే సెకండ్ హ్యాండ్‌లోనే వస్తుంది. అప్పుడు ధర చూసి మురిసిపోకండి. పార్టు ఖరీదెంత, ఎన్ని రోజులకొస్తుంది, సర్వీస్ ఎంత దూరం? ఈ మూడూ అడిగాకే అడ్వాన్స్ ఇవ్వండి. పంట డబ్బు ఏడాదికోసారే చేతికొస్తుంది, రిపేరు బిల్లు మాత్రం ఎప్పుడైనా రావచ్చు.