మోటారు కాలితే పారేస్తున్నామా? మరి రేడియోని ఎందుకు?

ఈ రోజు వరి గురించి కాదు, ట్రాన్స్‌ఫార్మర్ గురించి రాస్తున్నాను. పొలం గట్టు మీద స్తంభాలకి ఉండేది కాదండోయ్. పాత వాల్వు రేడియో లోపల ఉండే ఇనప ముద్ద. సైజు తేడా అంతే, రెండూ చేసే పని ఒకటే.

మా నాన్నగారు కొన్న మర్ఫీ రేడియో ఏళ్ళ తరబడి అటక మీదే ఉండిపోయింది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. మా చిన్నప్పుడు ఇంట్లో ఆ కేంద్రం తప్ప వేరేది పెట్టనిచ్చేవారు కాదు. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారి ధర్మసందేహాలు వస్తుంటే మా అమ్మ కూర వడ్డించడం కూడా మర్చిపోయేది.

మొన్న వేసవిలో దాన్ని దించి, దుమ్ము తుడిచి, నేరుగా ప్లగ్గు పెట్టేశాను. అదే నేను చేసిన తప్పు. ఐదు నిమిషాల్లో తారు కాలిన వాసన, పొగ. మా తమ్ముడు "లోపలదంతా పీకేసి బ్లూటూత్ బోర్డు పెట్టిద్దాం అన్నయ్యా, పైకి పాత రేడియోలాగే ఉంటుంది" అన్నాడు. చాలామంది అదే చేయిస్తున్నారు. నాకు మాత్రం అది చచ్చిన దూడ తోలులో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టినట్టు ఉంటుంది.

మన బోరు మోటారు కాలితే ఏం చేస్తాం? రివైండింగ్ షాపుకి తీసుకెళ్తాం. దీనికీ అదే మందు. విజయవాడలో ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఒకప్పుడు ఊళ్ళలో మైకుసెట్ల ఆంప్లిఫయర్లకి ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టిన చెయ్యి, ఇప్పుడు ఫ్యాన్లు, మిక్సీలు చూసుకుంటోంది. ఆయన ముందు అడిగింది డబ్బు సంగతి కాదు, "ఇదెందుకు కాలిందో చూశారా?" అని. ట్రాన్స్‌ఫార్మర్ ఊరికే కాలదట. ఫిల్టర్ కండెన్సర్ ఏళ్ళ తరబడి వాడక లేక పాడైపోయి షార్టయితే, రెక్టిఫయర్ వాల్వు గుండా కరెంటు విపరీతంగా లాగేస్తుంది, తీగ వేడెక్కి ఎనామిల్ పోతుంది. కండెన్సర్ మార్చకుండా చుట్టిస్తే మళ్ళీ కాలుతుంది. బేరింగు పట్టేసిన మోటారుకి వైండింగ్ మాత్రమే చేయించినట్టు.

ఆయన లెక్క కట్టిన తీరు చెప్పాలి మీకు. కాగితాలూ పటాలూ ఏమీ లేవు. వాల్వుల్లో తీగని వెలిగించే 6.3 వోల్టుల చుట్టు పైనే ఉంది, తీగ లావుది. విప్పుతూ లెక్కపెడితే 32 చుట్లు. అంటే వోల్టుకి సుమారు 5. ఇక మెయిన్సు వైపు 230కి 1150 దాకా, అధిక వోల్టేజీ వైపు 250కి 1250 పైచిలుకు, అలాంటివి రెండు. తల వెంట్రుకలాంటి తీగ, వరసకీ వరసకీ మధ్య కాగితం. చేత్తో తిప్పే మిషను మీద చుట్టి, ఇనప రేకులు ఒకటి ఇటూ ఒకటి అటూ మార్చి దూర్చి, వార్నిష్‌లో ముంచి ఆరబెట్టాడు. నేను ఇంకో టాపింగ్ అడిగాను, 240కి. మన ఊళ్ళో రాత్రి మోటార్లన్నీ ఆగాక వోల్టేజీ ఎంత పైకి లేస్తుందో మీకు తెలియంది కాదు.

ఈ ఖర్చుతో కొత్త రేడియోలు రెండొచ్చేవి, నిజమే. ఫోనులో అయితే ఆకాశవాణి స్పష్టంగా వస్తుంది, అదీ నిజమే. కానీ వాల్వులు ఇప్పటికీ రష్యాలో, చైనాలో చేస్తున్నారు, గిటారు ఆంప్లిఫయర్ల కోసం. కావాలంటే తెప్పించుకోవచ్చు. మీ రేడియో ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఎక్కడా దొరకదు, ఎవరో ఒకరు చుట్టాల్సిందే. ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఒక్కడూ లేడు. మనం పని తీసుకెళ్ళకపోతే కుర్రాడు ఎందుకొస్తాడు? రేపు మన మోటారు కాలినా ఆ చెయ్యే కావాలి కదా.

అందుకే చెప్తున్నా, అటక మీదది పాత ఇనప సామాన్లవాడికి వెయ్యకండి. వాడు రాగి ఒక తక్కెట్లో, రేకులు ఇంకో తక్కెట్లో వేస్తాడు. దించండి, కానీ నాలాగా ప్లగ్గు పెట్టకండి. వాల్వులన్నీ తీసేసి, పాతకాలపు 60 వాట్ల ఫిలమెంటు బల్బుని సిరీస్‌లో పెట్టి చూడండి. బల్బు వెలిగీ వెలగనట్టుంటే ట్రాన్స్‌ఫార్మర్ చాలావరకు బాగున్నట్టే. నిండుగా వెలిగితే షార్టే. కండెన్సర్ల సంగతి తెలిసినవాడికే వదిలెయ్యండి. రేడియో నడిచాక ప్లగ్గు పీకినా వాటిలో 300 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. చెయ్యి పెడితే ప్రాణం మీదకొస్తుంది.

మాది ఇప్పుడు 240 టాపింగ్ మీద నడుస్తోంది. 837 కిలోహెర్ట్జ్ దగ్గర విజయవాడ వస్తోంది. ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఫోను ఛార్జర్లు తీసేస్తేనే గరగర తగ్గుతోంది, అదొక్కటే తంటా. నిన్న సాయంత్రం మా తమ్ముడు వచ్చి కాసేపు ఊరికే కూర్చున్నాడు. తర్వాత "ముల్లు ఇంకాస్త ఎడంపక్కకి తిప్పు అన్నయ్యా" అన్నాడు.