కౌన్సెలింగ్ ‘ఇవ్వడం’ ఆపండి

మీ ఎథిక్స్ నోట్‌బుక్ తీసి, ఈ మధ్య రాసిన కేస్ స్టడీ ఆన్సర్లు ఒకసారి తిరగేయండి. తాగి డ్యూటీకొచ్చే అటెండర్, పరీక్ష పోయి కుంగిపోయిన విద్యార్థి, ఇంట్లో గొడవలతో సతమతమయ్యే కానిస్టేబుల్... ఎవరొచ్చినా ఒక లైన్ మాత్రం తప్పదు: ‘అతనికి కౌన్సెలింగ్ ఇస్తాను.’ నా నోట్‌బుక్‌లో లెక్కపెట్టాను. పదకొండు ఆన్సర్లలో తొమ్మిదింట ఉంది. ఆ తొమ్మిదిసార్లూ, తలుపు మూసుకున్నాక ఆ గదిలో నేను ఏం చేస్తానో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మీరు ఆలోచించారా?

తప్పు పూర్తిగా మనది కూడా కాదు లెండి. మనకు ఆ మాట పరిచయమైన తీరే అలాంటిది. ఇంజినీరింగ్ చదివిన మాలాంటి వాళ్లకు కౌన్సెలింగ్ అంటే ఎంసెట్ ర్యాంకు, వెబ్ ఆప్షన్లు, సీటు. పోలీస్ స్టేషన్‌లో రౌడీషీటర్లకు కౌన్సెలింగ్ అంటే వరసగా నిలబెట్టి హెచ్చరించడం. డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికినవాడికైతే ఇంట్లోవాళ్ల ముందు కూర్చోబెట్టి క్లాస్ పీకడం. అన్నిచోట్లా మాట్లాడేది అధికారం ఉన్నవాడు, తల ఊపేది లేనివాడు. ఆ పద్ధతినే మనం ‘సహానుభూతి’ అని పేరు మార్చి ఆన్సర్ షీట్‌లో పెడుతున్నాం.

కార్ల్ రోజర్స్ పేరు మీ నోట్స్‌లో ఉండే ఉంటుంది, బహుశా ఒక బాక్స్‌లో, మూడు పాయింట్లతో. ఆ బాక్స్‌లో లేని సంగతి ఒకటి చెబుతాను. ఆయన తొలిరోజుల్లో అమెరికాలోని రోచెస్టర్‌లో పిల్లల సంక్షేమ సంస్థలో పనిచేశాడు. ఒక తల్లి, అల్లరికి హద్దులేని కొడుకు. పసితనంలో తల్లి ఆ బిడ్డను మనసులో దగ్గరికి తీసుకోకపోవడమే సమస్యకు మూలమని ఆయన తేల్చాడు. ఆ నిజం ఆమెకు మెల్లగా అర్థమయ్యేలా చెప్పాలని ఎన్నోసార్లు కూర్చోబెట్టి ప్రయత్నించాడు. ఏమీ కదల్లేదు. చివరికి, ఇద్దరం ప్రయత్నించాం, కుదరలేదు, ఇక ఆపేద్దాం అన్నాడు. ఆమె సరేనని తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, ఇక్కడ పెద్దవాళ్లకు కూడా కౌన్సెలింగ్ చేస్తారా అని అడిగింది. చేస్తామనగానే వచ్చి మళ్లీ కుర్చీలో కూర్చుంది. అప్పుడు బయటికొచ్చింది అసలు బాధ: భర్తతో సరిపడని కాపురం, తాను ఓడిపోయానన్న భావన. ఇన్నాళ్లూ ఆయన రాసుకున్న కేస్ హిస్టరీలో ఇదేదీ అలా పలకలేదు. ఎక్కడ నొప్పి ఉందో, ఎటు వెళ్లాలో తెలిసినది ఎదుటి మనిషికే అన్న నమ్మకం ఆయనకు ఇలాంటి అనుభవాల్లోంచి కుదిరింది.

ఆ తర్వాతే 1942లో ఒక పుస్తకం, 1951లో ‘క్లయింట్ సెంటర్డ్ థెరపీ’, 1957లో ఆ ప్రసిద్ధ వ్యాసం. ‘పేషెంట్’ అనకుండా ‘క్లయింట్’ అనడం కూడా ఊరికే కాదు. పేషెంట్ అంటే మందు రాయించుకునేవాడు. క్లయింట్ అంటే పని తనది, సాయం కోసం వచ్చినవాడు. ఇక ఆ మూడు పాయింట్లు మీకు తెలిసినవే: ఎదుటి మనిషి కళ్లతో చూడటం, షరతుల్లేని ఆదరణ, లోపలా బయటా ఒకటిగా ఉండటం. రెండోదాని దగ్గర మనం తరచూ జారిపడతాం. ఆదరణ అంటే చేసిన పనిని ఒప్పుకోవడం కాదు. లంచం తీసుకున్న గుమస్తా మీద చర్య తీసుకోండి, కానీ అతను నోరు విప్పకముందే అతనెవరో తేల్చేయకండి.

‘ఇదంతా అమెరికా సరుకు, మనవాళ్లకు గురువు కావాలి, దారి చూపించాలి’ అంటారు కొందరు. ఇందులో కొంత నిజముంది. తీవ్రమైన మానసిక వ్యాధికి సైకియాట్రిస్టు కావాలి, మందులు కావాలి. వినడం ఒక్కటే చాలదు. ఈ మూడు ఉంటే చాలన్న రోజర్స్ వాదనను తర్వాత చాలామంది కాదన్నారు కూడా. కానీ చాలదు అనడం వేరు, అక్కర్లేదు అనడం వేరు. మనం రెండోది చేస్తున్నాం.

నేనూ చేశాను. ప్రిలిమ్స్ రిజల్ట్ వచ్చిన వారం, అశోక్‌నగర్‌లో మా రూమ్. నాకంటే రెండేళ్లు చిన్నవాడు, రాత్రి లైటు ఆర్పాక ‘అన్నా, చదవాలనిపించట్లేదు’ అన్నాడు. నేను లేచి లైటు వేసి ఇరవై నిమిషాలు మాట్లాడాను. మూడో అటెంప్ట్‌లో ర్యాంకు కొట్టినవాళ్లు, కొత్త టైమ్‌టేబుల్, సోషల్ మీడియా మానెయ్యడం. ‘సరే అన్నా’ అని అటు తిరిగి పడుకున్నాడు. పది రోజులకు రూమ్ ఖాళీ చేసి ఊరెళ్లిపోయాడు. వాళ్ల నాన్న పొలం తాకట్టు పెట్టి వీడికి డబ్బు పంపుతున్నాడని, ఆ సంగతి ఆ రోజే వీడికి తెలిసిందని తర్వాత ఇంకొకరు చెబితే విన్నాను. ఆ నెలలోనే రోజర్స్ మీద పది మార్కుల ఆన్సర్ రాశాను, బాగానే వచ్చింది.

విశాఖలో ఒక కోచింగ్ విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది, చదివే ఉంటారు. 100 మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరు ఉండాలి. మంచి తీర్పు. అయితే కోర్టు ఆ కుర్చీ వేయించగలదు గానీ, అందులో మోటివేషన్ క్లాస్ చెప్పే సార్ కూర్చుని నాలా ఇరవై నిమిషాలు మాట్లాడితే ఎవరు ఆపుతారు? రేపు సోమవారం ప్రజావాణిలో అర్జీ పట్టుకుని నిలబడ్డ ముసలావిడ ముందు మీరు కూర్చున్నా ఇదే ప్రశ్న. ఆమె రెండో వాక్యం పూర్తిచేసేలోపు సబ్జెక్టు కనిపెట్టి ఫలానా సెక్షన్‌కు మార్క్ చేసేస్తారా? (మీలో ఎవరికైనా ఈ రోజుల్లో భారంగా ఉంటే టెలిమానస్ నంబర్ 14416, తెలుగులోనూ మాట్లాడొచ్చు. నోట్స్ కోసం కాదు, వాడుకోవడం కోసం చెబుతున్నా.)

పోయిన ఆదివారం టెస్ట్‌లో మళ్లీ అలాంటి కేస్ స్టడీయే వచ్చింది, కుంగిపోయిన జూనియర్ ఆఫీసర్. ‘ఫోన్ పక్కన పెట్టి, అతను చెప్పేది మధ్యలో ఆపకుండా వింటాను; ఏం కావాలో అతన్నే అడుగుతాను; అవసరమైతే, అతనికి ఇష్టమైతే నిపుణుల దగ్గరికి పంపుతాను’ అని రాశాను. 20కి 7 వచ్చాయి. పక్కన ఎర్ర ఇంకుతో ఒక ముక్క: కౌన్సెలింగ్ పాయింట్ మిస్ అయింది.