బిడ్డ భాష తెలియని పరీక్షకు బిడ్డ బుద్ధి ఎలా తెలుస్తుంది?

ప్రభుత్వ కార్యాలయంలో 34 సంవత్సరాలు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. రాయలసీమలోని మా పట్టణంలో, మసీదుకు ఆనుకొని ఉన్న చిన్న గదిలో ప్రతి ఆదివారం కూర్చుని, వచ్చినవారికి పింఛను, ఉపకారవేతనం, వైకల్య ధ్రువపత్రం దరఖాస్తులు నింపిపెడుతుంటాను. రెండేళ్ల క్రితం ఒక తల్లి తన తొమ్మిదేళ్ల కుమారునితో అక్కడికి వచ్చింది. చేతిలో ఒక కాగితం. "చాచా, వీడికి బుద్ధి ఎదగలేదని రాసిచ్చారు. ఇక బడి మాన్పించమంటారా?" అని అడిగింది.

ఆమె మాట్లాడుతుండగా ఆ పిల్లవాడు తల్లి పర్సులోని చిల్లర నా బల్లపై పోసి, రూపాయలు ఒకవైపు, రెండు రూపాయలు ఒకవైపు, అయిదులు ఒకవైపు పేర్చాడు. అంగడికి పంపితే పాలప్యాకెట్టు తెచ్చి మిగిలిన డబ్బు సరిగా అప్పగిస్తాడని తల్లి చెప్పింది. వెనుకనుంచి పేరుపెట్టి పిలిచాను, తిరిగి చూడలేదు. ఎదురుగా వచ్చి పిలిచాను, నవ్వాడు. పరీక్ష ఏ భాషలో జరిగిందమ్మా అని అడిగితే, "తెలుగులో. ఇంట్లో మాకు ఉర్దూ తప్ప మరొకటి రాదు" అన్నది.

నేను వైద్యుణ్ణి కాను, ఉపాధ్యాయుణ్ణీ కాను. అయినా ముందు వినికిడి పరీక్ష చేయించమని పట్టుబట్టాను. రెండు చెవులలోనూ లోపం ఉన్నదని తేలింది. సరిగా వినబడని పిల్లవాణ్ణి, వానికి రాని భాషలో ప్రశ్నించి, జవాబు రాలేదు కనుక బుద్ధి లేదని తీర్మానించారన్నమాట. ఈ పొరపాటు ఒక్క ఇంటికే పరిమితమని నేను అనుకోవడం లేదు. అందుకే ఈ వ్యాసం.

చట్టం విషయంలో మనకు లోటు లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుండి 18 సంవత్సరాల వరకు ఉచిత విద్య హక్కు ఇచ్చింది. అంధులకు, బధిరులకు అత్యంత అనువైన భాషలో, అనువైన పద్ధతిలో బోధన జరగాలని అదే చట్టంలోని 16వ సెక్షన్ చెబుతున్నది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం ఆదేశిస్తున్నది. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఉర్దూ రెండవ అధికార భాష. ఇన్ని మాటలు కాగితం మీద ఉండగా, ఉర్దూ పిల్లవాని బుద్ధిని తెలుగు ప్రశ్నలతో కొలవడం ఏ విధంగా న్యాయం?

అయితే చట్టం చేయలేని పనిని ఒక ఉపాధ్యాయిని చేయగలగడం నేను చూశాను. మండలంలోని భవిత కేంద్రంలో పనిచేసే ఆమెకు ఉర్దూ రాదు. ఆమె అనుసరించిన పద్ధతులు ప్రత్యేక ఉపాధ్యాయులందరికీ, మామూలు తరగతులలో ఇటువంటి పిల్లలు ఉన్న ఉపాధ్యాయులకూ పనికివస్తాయని నా నమ్మకం.

మొదటి రోజే ఆమె తల్లిని కూర్చోబెట్టి, బిడ్డ ఇంట్లో పలికే మాటలన్నీ అడిగి తెలుగు లిపిలో రాసుకున్నది. పానీ, దూద్, చప్పల్, బాహర్, దర్ద్ వంటివి నలభైకి పైగా వచ్చాయి. వాటితోనే పాఠం మొదలుపెట్టి, ఒక్కొక్క మాట పక్కన బొమ్మను, తెలుగు మాటను చేర్చుతూ పోయింది. బిడ్డకు ఉన్నదానిమీద కట్టాలి కాని, లేనిదాన్ని లెక్కపెడుతూ కూర్చోకూడదని ఆమె చెప్పేది.

రెండవది, వినికిడి యంత్రం వచ్చినంత మాత్రాన పని పూర్తికాలేదని ఆమె గ్రహించింది. పిల్లవాణ్ణి ముందు వరుసలో, కిటికీ వెలుగు ఉపాధ్యాయుని ముఖంమీద పడే చోట కూర్చోబెట్టమని బడివారికి చెప్పింది. నల్లబల్ల వైపు తిరిగి రాస్తూ మాట్లాడవద్దని, రాయడం ముగించి పిల్లలవైపు తిరిగిన తరువాతనే మాట్లాడాలని కోరింది. మన బాలికల పాఠశాలల్లో నిఖాబ్ ధరించే సోదరీమణులు బోధిస్తుంటారు. ఆడపిల్లలు మాత్రమే ఉన్న తరగతిలో వినికిడి లోపం ఉన్న బాలిక ఉంటే, మాట్లాడేటప్పుడు పెదవులు ఆమెకు కనబడనివ్వమని వారికి నా మనవి.

మూడవది, పెద్ద పనిని చిన్న మెట్లుగా విడగొట్టడం. అదే కేంద్రానికి బుద్ధిమాంద్యం ఉన్న మరొక బాలుడు వచ్చేవాడు. చేతులు కడుక్కోవడం నేర్పడానికి ఉపాధ్యాయిని బొమ్మల పటం తయారుచేస్తుంటే, తండ్రితోపాటు ఇంట్లో వుజూ చేయడానికి ప్రయత్నిస్తాడని తల్లి చెప్పింది. ఆమె ఆ క్రమాన్నే అడిగి రాసుకున్నది: చేతులు, నోరు, ముక్కు, ముఖం, మోచేతులవరకు చేతులు, తలపై మసహ్, చివరకు పాదాలు. చివరి మెట్టునుంచి నేర్పమని ఇంటివారికి చెప్పింది. అన్నీ మీరు చేయించండి, పాదాలు మాత్రం వాణ్ణే కడుక్కోనివ్వండి. అది వచ్చాక తల, పాదాలు వానికి వదిలేయండి. ఇలా వెనక్కు రండి అన్నది. ప్రతిసారీ పని పూర్తిచేసింది తానే అన్న తృప్తి బిడ్డకు మిగులుతుంది. అంగీ గుండీలు పెట్టుకోవడానికీ, పేరు రాయడానికీ ఇదే దారి.

నాల్గవది, రోజు క్రమాన్ని ముందుగా చూపడం. ఆటిజం ఉన్న పిల్లలకు అనుకోని మార్పు భయం కలిగిస్తుంది. ప్రార్థన, పాఠం, భోజనం, ఆట, ఇంటికి వెళ్లడం అని వరుసగా బొమ్మలు అతికించి, ఒక్కొక్కటి ముగియగానే తిప్పివేస్తే వారి మనసు నిలకడగా ఉంటుంది. రంజాన్‌లో ఉర్దూ మాధ్యమ పాఠశాలల వేళలు మారతాయి. ఇంట్లో నిద్ర, భోజనం వేళలూ మారతాయి. మార్పుకు వారంముందే కొత్త బొమ్మల వరుస చూపి అలవాటుచేస్తే, ఆ నెలంతా బిడ్డా, తల్లీ నలిగిపోకుండా ఉంటారు.

అయిదవది, ఒక నోటు పుస్తకం. మూడు నెలలకు ఒకటి రెండు లక్ష్యాలు మాత్రమే, కొలవగలిగేవి. "చదువు మెరుగుపడాలి" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. "పది బొమ్మలలో ఎనిమిదింటికి పేరు చెప్పాలి" అని రాస్తే తల్లికీ తెలుస్తుంది, బడికీ తెలుస్తుంది. ఆ పుస్తకం వారానికొకసారి ఇంటికి రావాలి. తల్లికి తెలుగు చదవడం రాకపోతే ఎవరైనా ఆమెకు చదివి వినిపించాలి.

చూపులేని పిల్లల విషయంలో ఒక్క మాట. ఉర్దూ కుడినుంచి ఎడమకు రాస్తాము కనుక బ్రెయిలీలో అది సాధ్యంకాదని కొందరు పెద్దలు నాతో అన్నారు. అది అపోహ. ఉర్దూ బ్రెయిలీ కూడా తెలుగు బ్రెయిలీలాగే ఎడమనుంచి కుడికే చదువుతారు. అరబీ కూడా అంతే. వేళ్లు ఒకే దిశకు అలవాటుపడితే బిడ్డ అన్ని భాషలలోనూ ముందుకు పోగలుగుతుంది.

ఉపాధ్యాయుల బాధ్యత చెప్పాను గనుక ప్రభుత్వ బాధ్యత కూడా చెప్పాలి. ప్రత్యేక ఉపాధ్యాయులు ప్రాథమిక దశలో 10 మంది పిల్లలకు ఒకరు, ఆ పై తరగతులలో 15 మందికి ఒకరు ఉండాలన్న ప్రమాణాన్ని 2021లో సుప్రీంకోర్టు రజనీష్ కుమార్ పాండే కేసులో నిర్దేశించింది. తెలంగాణ 2024 డీఎస్సీలో ప్రత్యేక విద్యకు 1,016 పోస్టులు చూపింది. ఆంధ్రప్రదేశ్ 2025లో 2,260 పోస్టులు మంజూరు చేసింది. సంతోషమే. కాని ఉర్దూ మాట్లాడే జనం ఎక్కువగా ఉన్న మండలాలలో ఉర్దూ తెలిసినవారిని నియమించాలని, వైకల్య నిర్ధారణ బిడ్డ ఇంటిభాషలోనే జరగాలని, అది కుదరనిచోట దుబాసీని పెట్టాలని మనం అడగాలి. సికింద్రాబాదులోని జాతీయ మేధో వైకల్య సంస్థ బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకోసం బోధనా సామగ్రి తయారుచేసింది. అటువంటి సామగ్రి ఉర్దూలోనూ ప్రతి కేంద్రానికి చేరాలి.

ఇక మన ఇళ్ల సంగతి. అక్కకు సంబంధాలు రావేమోనన్న భయంతో చెల్లెలి వైకల్యాన్ని దాచే ఇళ్లు నాకు తెలుసు. ఆడపిల్ల అయితే గడప దాటనివ్వరు. ఆ ఆడపిల్లలకోసమే సమగ్ర శిక్షలో నెలకు 200 రూపాయల ప్రత్యేక భృతి ఉన్నది. బడికి రాలేని తీవ్ర వైకల్యం ఉన్న బిడ్డకు ఇంటివద్దనే విద్య పొందే హక్కు 2012 సవరణతో వచ్చింది. దాచిపెట్టిన బిడ్డకు ఇవేవీ చేరవు. అంధుడైన సహాబీ హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి)కు దైవప్రవక్త (స) మదీనాలో అజాన్ బాధ్యత అప్పగించారు. తాము ప్రయాణమైన సందర్భాలలో ఆయనను తమ స్థానంలో నిలిపారు. ఆ చరిత్ర మన ప్రసంగాలలో వినబడుతున్నది. మన మదరసాలలో మాత్రం చక్రాల కుర్చీ వెళ్లే వాలుబాట కనబడదు.

చివరగా ఒక ఒప్పుకోలు. ఉద్యోగంలో ఉండగా ఒక తల్లి దరఖాస్తును నేను వెనక్కు పంపాను. తండ్రి పేరు ఒక కాగితంలో "షేక్ మహబూబ్ బాషా" అని, మరొకదానిలో "ఎస్. మహబూబ్ బాషా" అని ఉన్నది. నియమం ప్రకారం నేను చేసింది తప్పుకాదు. ఆమె మళ్లీ రాలేదు. ఆ బిడ్డ ఏమయ్యాడో నేను కనుక్కోలేదు. ఇప్పుడు ఆదివారం గదికి వచ్చిన ప్రతివారి ఆధార్, జనన ధ్రువపత్రం, బడి రికార్డు ముందు వేసుకుని, పేర్లు అక్షరం అక్షరం సరిచూసిన తరువాతనే సదరం శిబిరానికీ, స్వావలంబన్ పోర్టల్‌కూ దరఖాస్తు నింపుతాను. పదో తరగతి పరీక్షలో లేఖకుడు, అదనపు సమయం కావాలన్నా ఆ ధ్రువపత్రమే ఆధారం. ప్రధానోపాధ్యాయుని ద్వారా ముందుగానే అడగాలి. ప్రతి మసీదు కమిటీలోనూ కాగితాలు తెలిసిన విశ్రాంత ఉద్యోగి ఒకరైనా ఉంటారు. వారానికి రెండు గంటలు ఈ పనికి ఇవ్వమని వారిని అర్థిస్తున్నాను.

చిల్లర పేర్చిన ఆ పిల్లవాడు ఇప్పుడు నాలుగవ తరగతిలో ఉన్నాడు. తోటివారికంటే చదువులో వెనుకబడే ఉన్నాడు. లెక్కలలో మాత్రం వారితో సమానం. మొన్న ఆదివారం తల్లితో వచ్చినప్పుడు గోడమీద ఉన్న నమాజు వేళల పట్టికను తెలుగులో చదివి, ఒక వేళ తప్పుగా రాశారని నాకు చూపించాడు. చూస్తే నిజమే. దిద్దాను.