మందుల పరీక్షల్లో ఇబ్రహీంపట్నం పిల్లలకూ చోటివ్వాలి

పసిపిల్లల ప్రాణాలు తీసే నీళ్ల విరేచనాలను అడ్డుకునే రోటావ్యాక్ టీకాను తయారుచేసింది హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్. 2011లో మొదలైన తుది దశ పరీక్షల్లో 6,799 మంది శిశువులు పాల్గొన్నారు. ఆ పరీక్షలు ఢిల్లీ, పుణె, వేలూరు కేంద్రాల్లో జరిగాయి. టీకా తయారైన నగరానికి అంచునే ఉన్న రంగారెడ్డి పల్లెలకు అందులో చోటు దక్కలేదు.

ఈ దూరం తగ్గాలి. పిల్లల మందులపై జరిగే క్లినికల్ ట్రయల్స్ రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం లాంటి చోట్లకు, ప్రభుత్వ ఆసుపత్రి ద్వారా, గట్టి కాపలా మధ్య రావాలి.

పెద్దల మాత్రను సగానికి విరిచి, చెంచాలో నూరి బిడ్డకు తాగించడం ఇప్పటికీ మన ఇళ్లలో చూస్తున్నదే. పసివాళ్ల కాలేయం, మూత్రపిండాలు మందును ఖర్చుచేసే తీరు పెద్దల్లోలాగా ఉండదు. బరువు తక్కువై, రక్తహీనతతో ఉన్న బిడ్డ విషయంలో లెక్క మరీ మారుతుంది. రోటా టీకాలే ఇందుకు సాక్ష్యం. ధనిక దేశాల్లో 85 శాతానికి పైగా రక్షణ ఇచ్చిన టీకాలు ఆసియా, ఆఫ్రికా పేద దేశాలకు వచ్చేసరికి సగం దగ్గరే ఆగిపోయాయి. రోటావ్యాక్ కూడా మొదటి ఏడాదిలో తీవ్రమైన జబ్బు నుంచి ఇచ్చిన రక్షణ 56 శాతం. ఆ నిజం బయటపడింది మన దేశపు పిల్లల్లో పరీక్షించబట్టే. ఎక్కడో తిండికి లోటులేని పిల్లల్లో తేలిన మోతాదును యాచారం తండాలోని బిడ్డకు కళ్లు మూసుకుని రాసేస్తే, అదీ ఒక ప్రయోగమే. అడిగేవారు, నమోదు చేసేవారు లేని ప్రయోగం.

క్షయ సంగతి చూడండి. తీవ్రత తక్కువగా ఉన్న పిల్లలకు ఆరు నెలల మందులు అవసరమా, నాలుగు నెలలు చాలవా అన్న ప్రశ్నతో ‘షైన్’ పరీక్ష జరిగింది. ఉగాండా, జాంబియా, దక్షిణాఫ్రికా, భారత్‌ల నుంచి 1,204 మంది పిల్లలు చేరారు. మన దేశంలో కేంద్రాలు చెన్నై, పుణె. నాలుగు నెలలు సరిపోతాయని 2022లో ఫలితాలు ప్రచురితమయ్యాయి. రెండు నెలల మాత్రల భారం తగ్గడమంటే కూలికి వెళ్లే తల్లికి ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు.

అయినా ఇబ్రహీంపట్నంలో ప్రయోగం అన్న మాట వింటే జనం ఉలిక్కిపడతారు. వారి భయానికి కారణం ఉంది. 2022 ఆగస్టు 25న ఇక్కడి ప్రభుత్వ ఆసుపత్రి శిబిరంలో 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాతి రోజుల్లో నలుగురు తల్లులు చనిపోయారు. అంతకుముందు ఖమ్మం జిల్లా అనుభవం ఇంకా చేదు. 2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే అధ్యయనం మొదలైంది. పాత్ అనే విదేశీ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టాయి. కొందరు బాలికల మరణాలతో 2010 ఏప్రిల్‌లో అది ఆగింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ సంఘం తేల్చింది. కానీ పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. 1,948 పత్రాల మీద వేలిముద్రలు. కన్నవారిని అడగకుండా బిడ్డకు సూది వేసే హక్కు వార్డెన్‌కు ఎవరిచ్చారు? 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది దీన్నే.

ఈ గాయాలను చూపించి పేద పిల్లలను పరీక్షలకు దూరంగా ఉంచితే వారికి ఒరిగేదేమీ లేదు. అడగకపోవడం, చెప్పకపోవడం, తర్వాత పట్టించుకోకపోవడం అప్పటి తప్పులు. వాటికి మందు ఉంది. 2019 మార్చిలో అమల్లోకి వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. పరీక్ష జరిగేచోట సొంత ఎథిక్స్ కమిటీ లేకపోతే అదే నగరంలోనో, 50 కిలోమీటర్ల లోపులోనో ఉన్న కమిటీ అనుమతితో నడపవచ్చు. ఇబ్రహీంపట్నం నుంచి హైదరాబాద్ సాగర్ రోడ్డు మీద ముప్పై కిలోమీటర్ల పైమాట. అంటే చట్టం అడ్డు లేదు. లేనిదల్లా పూనిక.

అమెరికా 2003లో, ఐరోపా 2007 నుంచి కొత్త మందులను పిల్లల్లోనూ పరీక్షించాలని కంపెనీలకు చట్టబద్ధంగా విధించాయి. మన నిబంధనల్లో అంతటి నిర్బంధం లేదు. కేంద్రం దాన్ని తేవాలి.

రాష్ట్రం ఈలోగా చేయాల్సింది చాలా ఉంది. హైదరాబాద్‌లోని నీలోఫర్ పిల్లల ఆసుపత్రి వైద్యుల పర్యవేక్షణలో ఇబ్రహీంపట్నం ఆసుపత్రిని అనుబంధ కేంద్రం చేయాలి. ప్రతి తనిఖీకీ బిడ్డను నగరానికి మోసుకురమ్మంటే మూడోసారికి ఎవరూ రారు. రక్తపరీక్ష, బరువు, జ్వరం నమోదు ఇక్కడే జరగాలి, బస్సు చార్జీలు, పోయిన కూలి చెల్లించాలి. అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, తండాల్లో లంబాడీ భాషలో వివరించాలి, అది వీడియోలో నమోదు కావాలి. సంతకం అమ్మానాన్నలదే, వారు లేకుంటే చట్టం గుర్తించిన సంరక్షకులదే కావాలి. ఏడేళ్లు దాటిన పిల్లలను కూడా అడగాలి. ఆశా కార్యకర్తకు ఇంతమందిని తేవాలన్న టార్గెట్ పెట్టకూడదు, తలకింత చొప్పున సొమ్ము అసలే ఇవ్వకూడదు. వద్దన్న కుటుంబానికి మామూలు వైద్యంలో వీసమెత్తు తేడా రాకూడదు. పరీక్ష ముగిశాక మందు పనిచేస్తే, ముందు అందాల్సింది అందులో పాల్గొన్న పిల్లలకే.

ఈ షరతుల్లో ఒక్కటి తప్పినా అనుమతి రద్దు చేసే అధికారం ఎథిక్స్ కమిటీకి ఉండాలి. ఆ కమిటీలో ఇబ్రహీంపట్నం తల్లి ఒకరు సభ్యురాలిగా కూర్చోవాలి. ఆరోగ్య శాఖ ఆ నియామకంతోనే పని మొదలుపెట్టాలి.