కరెంటు పోతే... కారుంది!

ఏప్రిల్, మే నెలల్లో హన్మకొండ వాసులకు బాగా అలవాటైన సాయంత్రం ఇది. పొద్దంతా నిప్పులు చెరిగిన ఎండ. ఆరింటికి పడమట ఓ నల్లమబ్బు. ఆ వెంటే దుమ్ము లేపుతూ ఈదురుగాలి. ఎక్కడో వేపకొమ్మ విరిగి తీగల మీద పడుతుంది. అంతే, కాలనీ అంతా చీకటి. మెట్ల కింద ఇన్వర్టర్ పని మొదలెడుతుంది. రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, మూడు నాలుగు గంటలు... ఆ తర్వాత కుయ్‌కుయ్‌మంటూ అదీ చేతులెత్తేస్తుంది.

ఆ ఇంటి పోర్టికోలో విద్యుత్ కారు ఉందనుకోండి. ఇన్వర్టర్ బ్యాటరీకి ఇరవై రెట్లకు పైగా పెద్ద బ్యాటరీ చక్రాల మీద నిలబడి ఉన్నట్టే. ఇంట్లోవాళ్లు మాత్రం చీకట్లో విసనకర్ర వెతుక్కుంటుంటారు!

నిజానికి ఇప్పుడు వరంగల్‌లో 2012 నాటి కోతల్లేవు. అప్పట్లో కోతకి ఓ టైంటేబుల్ ఉండేది. ఫలానా వేళకి పోతుంది, ఫలానా వేళకి వస్తుందని తెలిసేది. దాన్నిబట్టే మోటారు వేసుకునేవాళ్లు, పిండి రుబ్బుకునేవాళ్లు. ఈనాటి చీకటికి టైంటేబుల్ లేదు. అది గాలితోనో వానతోనో వస్తుంది. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. 2025 అక్టోబరులో మొంథా తుపాను హన్మకొండ, వరంగల్ కాలనీలను ముంచింది. భూపాలపల్లి దగ్గర చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రానికి 1,100 మెగావాట్ల సామర్థ్యం ఉంటే మాత్రం ఏం లాభం? వీధి చివరి స్తంభం ఒరిగితే ఇంట్లో బల్బు వెలగదు.

ఇక లెక్కలోకి వద్దాం. ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఇన్వర్టర్ బ్యాటరీ 12 వోల్టులు, 150 ఏహెచ్‌ది. అంటే 1.8 యూనిట్లు. అదీ కాగితం మీదే. లెడ్ బ్యాటరీని పూర్తిగా పిండేయకూడదు కాబట్టి చేతికొచ్చేది ఒక యూనిట్‌కి కాస్త ఎక్కువ. మన రోడ్ల మీది విద్యుత్ కార్లలో చాలావాటి బ్యాటరీ 30 నుంచి 50 యూనిట్లు. మూడు మామూలు ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, ఫ్రిజ్, వైఫై... ఇవన్నీ రాత్రి పన్నెండు గంటలు నడిస్తే నాలుగు యూనిట్లు. ఆన్‌లో ఉన్నందుకు కారు తినేది, మార్పిడిలో పోయేది కలిపి ఏడనుకోండి. 40 యూనిట్ల కారు 80 శాతం చార్జితో ఉంటే అందులో 32 యూనిట్లున్నట్టు. అర్ధరాత్రి ఎవరికైనా బాగోలేక ఎంజీఎం ఆస్పత్రికి పరుగెత్తాల్సి వస్తే? దానికోసం ఓ ఎనిమిది పక్కన పెట్టండి. మిగిలిన 24తో మూడు రాత్రులు హాయిగా గడిచిపోతాయి.

ఫ్యాన్ సంగతి సరే, ఉక్కపోతకి ఎవరూ చచ్చిపోరు అనేవాళ్లుంటారు. ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ మీద ఆధారపడ్డ పెద్దాయన ఉన్న ఇంటికెళ్లి ఆ మాట అనగలరా? నిమిషానికి అయిదు లీటర్లిచ్చే యంత్రం 350 వాట్ల దాకా తీసుకుంటుంది. మామూలు ఇన్వర్టర్ మీద మూడు గంటలు లాగడమే గొప్ప. కారు మీదైతే రెండు రోజులు భయం లేదు. తెరవని ఇన్సులిన్‌కి 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. ఇలాంటి ఇళ్లలో కారు కరెంటు విలాసం కాదు.

ఈ ఆలోచనకి జపాన్‌లో గట్టి ఊపొచ్చింది. 2011 మార్చి 11 భూకంపం, సునామీ తర్వాత అక్కడ కరెంటుకి కటకట. మరుసటి ఏడాదే నిస్సాన్ తన లీఫ్ కారు నుంచి ఇంటికి ఆరు కిలోవాట్ల దాకా ఇచ్చే ఏర్పాటు తెచ్చింది. 2019 సెప్టెంబరులో చిబా ప్రాంతాన్ని తుపాను చీకట్లోకి నెట్టినప్పుడు లీఫ్ కార్లు అక్కడికి వెళ్లి కరెంటు అందించాయి. మన దగ్గర 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను కుదిపేసినప్పుడు ఇలాంటి ఆసరా లేదు. ఇప్పుడుంది. 2023 జనవరిలో వచ్చిన హ్యుందాయ్ అయోనిక్ 5, అదే ఏడాది సెప్టెంబరు నాటి కొత్త నెక్సాన్ ఈవీ, 2025 జనవరిలో వచ్చిన క్రెటా ఎలక్ట్రిక్... వీటిలో ‘వీటూఎల్’ అనే సదుపాయం ఉంది. చార్జింగ్ పెట్టేచోట ఓ ఎడాప్టర్ తగిలిస్తే మన ఇంట్లో వచ్చే 230 వోల్టులే బయటికొస్తాయి. సుమారు మూడు కిలోవాట్ల వరకూ ఇస్తుంది. అన్ని మోడళ్లలోనూ, ఒకే మోడల్‌లోని అన్ని రకాల్లోనూ ఉంటుందనుకోకండి.

మరి ఇంటిదాకా తెచ్చేదెలా? అసలు కిటుకు మెట్ల కింద ఉన్న పాత ఇన్వర్టర్‌లోనే ఉంది. చాలా ఇళ్లలో ఇన్వర్టర్‌ని గోడకున్న సాకెట్లో త్రీపిన్ ప్లగ్గుతో పెడతారు. ఆ ప్లగ్గు అక్కడ పీకి, కారు నుంచి లాగిన ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెడితే చాలు. ఇన్వర్టర్‌కి కరెంటు వచ్చినట్టే! బ్యాటరీ చార్జవుతూ, ఇన్వర్టర్ లైనుకిచ్చిన ఫ్యాన్లూ బల్బులూ ఎప్పట్లా నడుస్తాయి. కారు ఆపి బయటికెళ్లినా ఆ కాసేపు ఇన్వర్టర్ చూసుకుంటుంది. అయితే వానాకాలం రాకముందే ఓ పూట ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించుకోవాలి. కొన్ని ఇళ్లలో ఇన్వర్టర్ లైనుకీ మెయిన్ లైనుకీ న్యూట్రల్ ఒకటే ఉంటుంది. దాన్ని విడదీయకపోతే కారు సరఫరా ట్రిప్ కావచ్చు, అంతకన్నా చెడ్డదీ జరగొచ్చు. ఎక్స్‌టెన్షన్ వైరు 16 ఆంపియర్లది, మందంగా ఉన్నది కొనండి. చుట్ట చుట్టినట్టే వదిలేస్తే వేడెక్కుతుంది, పూర్తిగా విప్పి పరవాలి. గీజర్, బోరు మోటారు, పాతకాలం ఏసీల జోలికి మాత్రం వెళ్లకండి. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా నాలుగైదు రెట్లు గుంజుతుంది.

చేయకూడని పని ఒకటుంది. రెండువైపులా ప్లగ్గులున్న వైరు తయారుచేసి, ఒక కొస కారుకీ రెండో కొస గోడ సాకెట్‌కీ పెట్టి ఇల్లంతా వెలిగించే ప్రయత్నం. అతి తెలివి! ఆ కరెంటు ఇంట్లోనే ఆగదు. మీటరు దాటి వీధిలోకి వెళ్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి ఎదురెక్కితే 11 వేల వోల్టులవుతుంది. లైను చచ్చిందన్న నమ్మకంతో వానలో తడుస్తూ స్తంభమెక్కిన లైన్‌మన్ చేతిలో ఉన్నది ఆ తీగే. ‘మెయిన్ ఆపేస్తాం కదా’ అంటారు. హడావుడిలో, చీకట్లో, ఇంట్లో నలుగురున్నచోట ఆ స్విచ్ ఎవరు ఎప్పుడు వేస్తారో ఎవరికి తెలుసు? ఇల్లంతా వెలగాల్సిందేనంటే రెండు సరఫరాలూ ఒకేసారి కలిసే వీల్లేని ఛేంజోవర్ స్విచ్ పెట్టించుకోవాలి. అదీ లైసెన్సున్నవాళ్లతోనే.

వీటూఎల్ లేని కారైతే? దారి ఉంది గానీ ఇరుకు. దాదాపు ప్రతి విద్యుత్ కారులోనూ లైట్లకీ హారన్‌కీ వేరే చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కారు ఆన్‌లో ఉన్నంతసేపూ పెద్ద బ్యాటరీ దాన్ని నింపుతూనే ఉంటుంది. ఆ చిన్న బ్యాటరీకి 300 వాట్ల ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టర్ తగిలిస్తే రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఫోన్లు నడుస్తాయి. అంతమాత్రానికే ఆ వైర్లలో 25 ఆంపియర్లు దాటి పారుతుంది. కాబట్టి పొట్టి, లావు వైర్లు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు తప్పనిసరి. వారంటీ సంగతి కంపెనీని ముందే అడగాలి. డాష్‌బోర్డు దగ్గరి సిగరెట్ లైటర్ సాకెట్‌తో అయితే వంద వాట్లు మించి ఆశించకండి. నారింజ రంగు వైర్లుంటాయే... వాటిని ముట్టుకోనే వద్దు. వాటిలో వందల వోల్టులుంటాయి.

పెట్రోలు కారునో జనరేటర్‌నో మూసిన షెడ్డులో నడిపితే వచ్చే విషవాయువు ప్రాణం తీస్తుంది. విద్యుత్ కారుకి ఆ గండం లేదు, పక్కగదిలో పిల్లలు హాయిగా నిద్రపోవచ్చు. దాని గండమల్లా నీళ్లు. హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు పల్లపు కాలనీల్లో పోర్టికోలోకి నీళ్లొస్తున్నాయంటే వైరు పీకేసి కారుని మిట్టకి తరలించడమొక్కటే పని. ఓసారి మునిగిన కారుని మెకానిక్ చూసేదాకా ఆన్ చేయకూడదు, చార్జింగ్ అసలే పెట్టకూడదు.

తెలంగాణలో విద్యుత్ వాహనాలకు 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయిస్తూ 2024 నవంబరులో ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. ఆ మిగులు చూసుకుని సీటు కవర్లూ మ్యూజిక్ సిస్టమూ బేరమాడేవాళ్లు వీటూఎల్ ఎడాప్టర్ కారుతోపాటే ఇస్తారా, విడిగా కొనాలా అనీ అడగాలి. కొన్నాక దాన్ని బీరువాలో దాచకండి. డిక్కీలో ఉంచి, కరెంటున్న రోజే ఓసారి తగిలించి చూసుకోండి.